దగ్గరి మాటలు

ఆయన బతుకంతా నిఘంటువు ఆఫీసులో కూర్చుని మాటలకు అర్థాలు రాశాడు. చివరికి పక్షవాతం వచ్చి ఆ మాటల్నే ఊడ్చుకుపోయింది. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉంటుందా! కాలూ చెయ్యీ కాస్త కుదుటపడ్డాయి గానీ, నోట్లోంచి "అది... అది..." తప్ప ఇంకో ముక్క రాదు. ఏదో ఒక్క మాట కావాలి ఆయనకి. అది దొరక్క అన్నం పక్కకు తోసేస్తాడు, దుప్పటి పిడికిట్లో నలిపేస్తాడు.

ఆ మాటేదో కనిపెట్టి తీరాలని పంతం పట్టింది భార్య. ఆయన పనిచేసిన లావుపాటి నిఘంటువునే మంచం మీదికెత్తి, మొదటి పేజీ నుంచి అందుకుంది. "అంకె? అంగడి? అంచు?" ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు పూటలకే ఆమె గొంతు బొంగురుపోయింది. ఇంకా 'అ' దాటలేదు.

మాట నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ చూసి నవ్వింది. "పిన్నిగారూ, ఇలా చదివితే ఏడాదైనా తెమలదు. మాట తెలిసి అర్థం కావాలనుకోండి, అప్పుడు అక్షరం పట్టుకుని వెళ్లాలి. బాబాయిగారి దగ్గర అర్థం ఉంది, మాటే లేదు. ఆ అర్థానికి దగ్గరి మాటలు అడగండి. నిఘంటువులో ఒక మాట కింద రాసిన మాటలు పట్టుకుని ఇంకోదానికి వెళ్లండి."

"ఈయనతో ఇన్నేళ్లు కాపురం చేసి, నాకు ఆ మాత్రం తట్టలేదు చూడు!" అని నెత్తి కొట్టుకుంది ఆమె.

ఆ సాయంత్రం కొత్తగా మొదలుపెట్టింది. "తినేదా? కట్టుకునేదా? ఇంట్లోదా?" 'ఇల్లు' అనగానే ఆయన ఔనన్నట్టు తల ఊపాడు. అక్కణ్ణుంచి గది, మంచం, ఊయల. ఊయల దగ్గర ఆయన కళ్లు పెద్దవయ్యాయి. అదే కాదు, కానీ దగ్గరే. ఆమె గబుక్కున పేజీ తిప్పేసింది. 'జడ' దగ్గర మళ్లీ ఆపాడు.

"ఎవరి జడండీ, నాదా? ఇంకేం మిగిలింది దాంట్లో!" అని నవ్వబోయింది. ఆయన నవ్వలేదు. ఆమె కావాలనే మాట మళ్లించింది. "చలేస్తోందా? దుప్పటి కావాలా? జ్వరమా?"

ఆయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

ఊయల దగ్గరే తెలిసిపోయింది ఆమెకి. తెలియనట్టు నటించింది. జ్వరంతో పోయిన కూతురు! "దాని పేరు ఈ ఇంట్లో ఎత్తితే నేను బతకను" అని ఆనాడు ఒట్టు వేయించుకుంది తనే. అంత మాటల మనిషీ ఆ ఒక్క మాట మింగేసి ఊరుకున్నాడు. ఇప్పుడు ఏ పుస్తకంలో వెతుక్కుంటాడు పాపం? కన్నబిడ్డల పేర్లు నిఘంటువులో ఉండవు. ఆయనకి ఆ పేరు అందించేదెవరు, తను తప్ప?

ఆమె పుస్తకం మూసింది. ఆయన చెవి దగ్గరికి వంగి కూతురి పేరు చెప్పింది. చెప్పి, చేత్తో నోరు మూసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన తడబడుతూనే ఆ పేరు పలికాడు. మళ్లీ పలికాడు.

ఆ తర్వాత ఇంకో మాట రాలేదు. "రావచ్చు, రాకపోవచ్చు" అంది డాక్టరమ్మ. ఉన్న ఆ ఒక్క మాటతోనే ఆయన మంచినీళ్లు అడుగుతాడు, కిటికీ వెయ్యమంటాడు, నొప్పిగా ఉందంటాడు. పొద్దస్తమానం ఇల్లంతా కూతురి పేరే. వంటింట్లో చేతిలో పని వదిలేసి, "ఆఁ, వస్తున్నా" అని ఆ పేరుకి ఆమే పలుకుతుంది.