పొగ రోజు సెలవు

చైత్రం వచ్చిందంటే పెదబయలు పైన కొండలు కాలుతుంటాయి. కొట్టి ఎండబెట్టిన తుప్పలకు నిప్పు పెట్టి, ఆ బూడిదలో సామలు చల్లుకుంటారు. తాతలనాటి పోడు, ఎవరిని తిడతాం? పొగ మాత్రం లోయలోకి దిగి రోజుల తరబడి కదలదు.

అక్కడి బడికి తెరిసమ్మ ఒక్కతే టీచరు. సాలూరు నుంచి వచ్చి నాలుగేళ్లయింది. బడి పక్క గదిలో ఒంటికాయ శొంఠికొమ్ము బతుకు. ఆదివారం దిగువ చర్చికి పోయి నలుగురితో మాట్లాడితేనే ప్రాణం లేచొచ్చేది.

ఆ సోమవారం ఎదుటి కొండే కనబడలేదు. పిల్లలంతా దగ్గుతున్నారు. రెండో తరగతి సోనికి అసలే ఆయాసం. తెరిసమ్మకు భయమేసింది. "ఇంటికెళ్లి తలుపులేసుకుని కూర్చోండి" అని సెలవిచ్చేసింది. పెద్ద ఘనకార్యం చేశాననుకుంది, పాపం!

సాయంత్రం సోని తల్లి రాజులమ్మ కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఎగశ్వాస తీస్తోంది. పెదాలు నల్లబడ్డాయి, జుట్టునిండా బూడిద.

"ఇంట్లో ఉంచమన్నాను కదమ్మా!"

"బడి లేదన్నావు కదా పంతులమ్మా. గుంటని ఒక్కదాన్ని ఇంటికాడ ఒగ్గేసి పోడు పనికి ఎలాగెల్తాను? నిప్పు కాడికి తోలుకెల్లిపోనాను. ఏటి సెయ్యమంతావు?"

తెరిసమ్మ సోనిని చేతుల్లోకి తీసుకుంది. పెనం మీద ఉన్న పిల్లను పొయ్యిలో వేసింది తనే కదా!

బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడు రోజులకు గానీ సోని మామూలుగా ఊపిరి తీయలేదు.

తిరిగొచ్చాక తెరిసమ్మ తన పాత చీరలు తడిపి బడి కిటికీలకు కట్టింది. సందుల్లో గుడ్డలు కుక్కింది. ఆటలు గదిలోనే అంది. కొండ కాలినన్నాళ్లూ సెలవు లేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"మరి ఆదివారమో? ఆ రోజే మా మిగిలిన పోడు తగలెట్టీది" అంది రాజులమ్మ.

వచ్చే ఆదివారం ఈస్టరు. కొత్త చీర పెట్టె మీద మడత పెట్టి ఉంది. తెరిసమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆదివారమూ బడి ఉంది. బేగి పంపించు."

ఆదివారం బడిలోని పదకొండు మంది పిల్లలూ వచ్చారు. దిగువ చర్చిలో పూజ మొదలయ్యే వేళకు తెరిసమ్మ రెండో ఎక్కం చెప్పిస్తోంది. మధ్యలో సోని వీపు మీద చేయి వేసి చూసింది. ఊపిరి సాఫీగా ఆడుతోంది. ఆమెకు ఈస్టరు శుభాకాంక్షలు చెప్పినవాళ్లు మాత్రం ఆ రోజంతా ఒక్కరూ లేరు.