కింది వంపులో అక్షరాలు

ఇరవై ఆరేళ్లలో సామ్యేలు చేసిన సీళ్లలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. నంద్యాలలో ఈ సంగతి తెలియనివాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు, వాళ్లూ చనిపోయారు. పొద్దున తొమ్మిదిన్నరకు, వేడి ప్రెస్సు కింద రబ్బరు మాడుతున్న కంపులో కూర్చుని, కొట్లో తన ఆఖరి రోజు పని చేస్తూ ఆయన ఈ మాటే అనుకుంటున్నాడు. తొమ్మిదీ ముప్పై అయిదుకు ప్యాపిలి నుంచి ప్రేమ్ సాగర్ అనే హెడ్మాస్టరు వచ్చి, బల్ల మీద ఒక సీలు టక్కున పెట్టాడు.

"ఏందప్పా ఇది? 'ప్రధానోపధ్యాయుడు' అని చేసినావు. దీర్ఘం యాడికి పోయింది?"

"దీర్ఘమొక్కటే గదా సార్."

"నలభై మంది పిల్లోళ్ల టీసీల మీద గుద్దినంక కనపడింది నాకు!"

సామ్యేలు సీలును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. రబ్బరు మీద తిరగబడిన అక్షరాలను ఆయన గడగడా చదువుతాడు. కాగితం మీద నేరుగా పడిన అక్షరాలతోనే చిక్కు. ఇంట్లో పేపరు కూడా అద్దానికి చూపించి చదువుతాడని పుకారు. అది అబద్ధం, ఆయన పేపరే చదవడు.

కొత్త సీలు చేసి ఇచ్చి, చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్నా లాభం లేదు. గోళ్ల సందుల్లో ఊదా సిరా ఇరవై ఆరేళ్లుగా కాపురముంది. పెరుగన్నం కలిపితే అల్లనేరేడు పండు పిసికినట్టుండేది. చెమటలో రబ్బరు, తేన్పులో రబ్బరు. కొట్టు ముందు కాలువలో కుళ్లిన టమాటాలు, వాటి మీద గుమస్తాల్లా తీరిగ్గా కూర్చున్న ఈగలు. ఇవాళ్టితో ఇవన్నీ వదిలిపోతాయి. కువైట్‌లో ఒకే ఇంట్లో భార్య లూదియాకు వంటపని, ఆయనకు తోటపని. మొక్కలకు సీలు అక్కర్లేదు.

మధ్యాహ్నానికి లూదియా ఆళ్లగడ్డలోని ఇంటి నుంచి పెద్ద సూట్‌కేసుతో దిగింది. రెండు గంటలకు హైదరాబాదు బస్సు, తెల్లారి విమానం. ఇద్దరూ ట్రావెల్స్ బాబ్జాన్ దగ్గరికి వెళ్లారు. వీసాల కోసం పాస్‌పోర్టుల మొదటి పేజీ, చివరి పేజీ జెరాక్సులే పంపారు కాబట్టి నడిమి పేజీలను ఇంతవరకు ఎవరూ చూడలేదు. బాబ్జాన్ ఇప్పుడు చూశాడు. తమలపాకు నములుతున్న దవడ ఆగిపోయింది.

"అన్నా, ఇదేం సీలు?"

"యెరూషలేముది," అన్నాడు సామ్యేలు, ఛాతీ ఒక అంగుళం పెంచి. "మూడేండ్ల కిందట చర్చోళ్లతో పోయింటిమి."

"ఆ దేశమోళ్లు సీలు కొట్టరే! నీలం చీటీ ఒకటి చేతిలో పెడతారు. ఆ సీలుంటే కువైట్లో కాలు పెట్టనీరని అందరికీ తెలుసు."

"మగోళ్లకే కొడతారంట," అంది లూదియా. "నాకు చీటీ ఇచ్చి పంపించినారు."

నిజానికి ఆనాడు ఇద్దరికీ చీటీలే ఇచ్చారు. సామ్యేలుకు ఒళ్లు మండిపోయింది. మటన్ కొట్టులో వేలాడే పొట్టేలుకు కూడా తొడ మీద మునిసిపాలిటీ సీలుంటుంది, తనకు లేదా? ఆ చీటీ కూడా దారిలోనే పోయింది. ఆళ్లగడ్డకు తిరిగి వచ్చాక టీ కొట్టు ఓబయ్య, "తిరుపతికి పోయినోడు లడ్డన్నా తెస్తాడు. నీ కాడ ఏముందప్పా?" అన్నాడు. ఆ వారమే పాస్‌పోర్టులో గుండ్రటి సీలు పుట్టుకొచ్చింది. చర్చిలో అది నూట నలభై చేతులు మారింది. ముద్దులు పెట్టుకున్నారు, కళ్లకద్దుకున్నారు. లూదియా చివరి వరుసలో ఖాళీ చేతులతో కూర్చుంది.

"అన్నా, తేల్చి చెప్పు," అన్నాడు బాబ్జాన్. "నిజమైందయితే కువైటోళ్లు వెనక్కి తోస్తారు. దొంగదయితే మనోళ్లే ఎయిర్‌పోర్టులో లోపలేస్తారు."

"ఆడ కొట్టిందే."

బాబ్జాన్ ఫోనుతో ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. పైవంపులో 'జెరూసలేమ్'. అటొక చుక్క, ఇటొక చుక్క. కింది వంపులో 'నంద్యాల డిస్ట్రిక్ట్'.

బాబ్జాన్ ఫోనును సామ్యేలు వైపు తిప్పాడు.

"జిల్లాలో ఎప్పుడు కలిపినారన్నా?" అన్నాడు బాబ్జాన్, నవ్వకుండా.

అప్పట్లో జిల్లా కొత్తది. ప్రతి ఆఫీసు సీలు మీదా 'కర్నూలు' తీసి 'నంద్యాల' పెట్టే పని. రోజుకు అరవై సీళ్లు, అరవై కింది వంపులు, అన్నిట్లోనూ అదే మాట. యెరూషలేముకు కూడా సామ్యేలు చేయి దాన్నే పేర్చేసింది. నూట నలభై మందిలో ఒక్కరూ కింది వంపు దాకా చదవలేదు. ఆయనతో సహా.

"నేనే చేసుకున్నా," అన్నాడు సామ్యేలు. "కొట్లో."

లూదియా ఆయన వైపు చూసింది, కొట్టు ముందు కాలువను చూసినట్టు.

"అక్కది తెల్లగా ఉంది, పోవచ్చు. నువ్వు పాస్‌పోర్టు ఆఫీసులో ఒప్పుకోవాల. ఏమంటారో, ఎన్నాళ్లయితాదో నాకు తెల్దు," అన్నాడు బాబ్జాన్.

బస్టాండు బెంచీ కాడ ఉచ్చకంపు. లూదియా సూట్‌కేసు తెరిచి ఆయన వస్తువులు బయట పెట్టసాగింది. లుంగీలు, గడ్డం సామాను, టోపీ.

"నీ దానిమీద కొట్టకపోవడం మంచిదే అయింది గదా," అన్నాడు సామ్యేలు.

ఆమె చేతులు ఆగాయి. "మగోళ్లకే అని ఎందుకు చెప్పినావు? ఆడ యేసయ్యను సిలువేసిన చోట మోకాళ్లేసినా నేను. చర్చిలో ఒక్కరూ నన్ను అడగల్యా. మూడేండ్లు."

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. కండక్టరు హైదరాబాదు, హైదరాబాదు అని అరుస్తున్నాడు.

"నీదాని మీద గూడా కొడదామని తెరిచినా లూదియా. సీలును పేజీ దాకా గూడా తెచ్చినా. రెండుంటే నాదాన్ని ఎవరు చూస్తారని... తీసేసినా."

ఆమె సూట్‌కేసు మూసింది. తేలిగ్గా లేచింది అది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, పక్క సీటు మీద చేతిసంచి పెట్టుకుంది. బస్సు వెనక్కి వచ్చి, మలుపు తిరిగి, గేటు దాటింది.

బెంచీ మీద, లుంగీల పక్కన, విమానాశ్రయంలో విప్పి చూపించాల్సి వస్తుందని ఆమె ఆయన కోసం కొన్న కొత్త బూట్లు. లోపల కుక్కిన కాగితం ఉండలు ఇంకా తీయలేదు.