పెద్దమ్మ పంపిన నీళ్ళు

మా పెద్దమ్మకి శుభ్రం అంటే ప్రాణం. వీలుంటే కుళాయికి కూడా నలుగు పెట్టి స్నానం చేయిస్తుందని పెద్దనాన్న అంటూ ఉంటాడు. ఉద్యోగం వచ్చాక నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. నీళ్ళలో కంటికి కనిపించని జీవుల్ని పరిశీలించే ప్రయోగశాలలో నా పని. తాగునీటి పైపుల్లోకి మురుగు ఎక్కడ చేరుతోందో మేం కనిపెడితే, అక్కడ నీటి సరఫరా ఇంజినీరు పైపులు మార్పిస్తాడు.

నీళ్ళు తెల్లవారుతూనే అన్ని వీధులకీ ఒకేసారి వస్తాయి. అందుకని సందుకొక ఇల్లు ఎంచుకుని, ముందురోజే సీసా ఇచ్చి, కుళాయి కాసేపు వదిలాక పట్టి ఉంచమని చెబుతాం. మా సందుకి మా ఇల్లే. ఆ సమయానికి నేను సీసాలు పోగుచేస్తూ ఊరి అవతలి కొసన ఉంటాను కాబట్టి మా సీసా పెద్దమ్మ నింపుతుంది.

మర్నాటికి గాజు పళ్ళాల్లో సూక్ష్మజీవులు చుక్కలు చుక్కలుగా పెరిగి కనిపిస్తాయి. మా ఇంటి పళ్ళెం మాత్రం ప్రతిసారీ అద్దంలా ఉండేది.

"మనం పాసయ్యామా?" అని గుమ్మంలోనే అడిగేది పెద్దమ్మ.

"అయ్యాం."

"పక్క వీధి వాళ్ళు?"

"చెప్పకూడదు పెద్దమ్మా."

"అంటే తప్పారన్నమాట" అని, ఆ పూట పక్క వీధి మీద జాలిపడుతూ హాయిగా భోంచేసేది.

నాకే మనసు కుదురుగా లేదు. పెద్దమ్మ మనవరాలు, అంటే మా అన్నయ్య కూతురు, నాలుగేళ్ళ పిల్ల, మాటిమాటికీ విరేచనాలతో తోటకూర కాడలా వాడిపోతోంది. ఎదురింటి కవలలవీ అవే పాట్లు. మొన్నయితే పాపని ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. నీళ్ళు కాచి తాగించమంది డాక్టరు. "పాసైన నీళ్ళని కాచడమెందుకు?" అంది పెద్దమ్మ. మా సందు పైపులు కూడా మార్చమని ఇంజినీరుని అడిగితే, "మీ సందు నీళ్ళు బంగారమని మీ ప్రయోగశాలే చెబుతోంది కదమ్మా, బంగారాన్ని తవ్విపోయమంటారా?" అని నవ్వాడు. ఏయే సందుల్లో పైపులు మార్చాలో ఆ వారంలోనే తేల్చేస్తారు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఎప్పటికో.

ప్రయోగశాలలో మా పై అధికారి మేడమ్ మా ఇంటి పళ్ళేన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. "మంచి నీళ్ళలో కూడా హాని చెయ్యని జీవులు కొన్ని ఉంటాయి. ఇందులో అవీ లేవు. ఇవి కుళాయి నీళ్ళా, ఇంజెక్షన్ నీళ్ళా?"

మర్నాడు అవతలి కొసకి ఇంకొకరిని పంపి, నేను వంటింట్లో ఓ మూల కూర్చున్నాను. నేను నోరు మెదపకుండా కూర్చుంటే మా ఇంటి పిల్లి కూడా నన్ను లెక్కచెయ్యదు.

పెద్దమ్మ కుళాయి నీళ్ళు గిన్నెతో పట్టి పొయ్యి మీద పెట్టింది. అవి తెర్లుతుండగా సీసా మూత తీసి, అడుగున క్లోరిన్‌కి విరుగుడుగా మేం వేసిన తెల్లటి పొడిని చూసి మొహం చిట్లించింది. సీసాని వేణ్ణీళ్ళతో తొలిచింది. చల్లారిన నీళ్ళు కొత్త గుడ్డలో వడకట్టి పోసి, మూత బిగించి, చీర చెంగుతో తుడిచి ముచ్చటగా చూసుకుంది.

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా?"

"కనబడట్లేదూ? మీ ఆఫీసుకి నీళ్ళు పంపుతున్నా."

"కాచి పంపుతావా?"

"మరి? చదువుకున్నవాళ్ళు పదిమంది చూస్తారు. ఎలా ఉన్నవి అలా పంపితే మన పరువేం కాను?"

పేపరు వెనకనుంచి పెద్దనాన్న అందుకున్నాడు. "ఫొటో స్టూడియోకి పిల్లని ముస్తాబు చేసినట్టు చేశావు. ఇంక పౌడరే తక్కువ."

"పౌడరు వాళ్ళే వేశారు, నేనే కడిగేశా. మీ వాళ్ళకి సీసాలు కడగడం కూడా రాదే!"

నవ్వు ఆపుకోలేకపోయాను. అంతలో పాప కళ్ళు నులుముకుంటూ వచ్చి దాహమంది. పెద్దమ్మ కుళాయి కింద గ్లాసు పట్టి అందించింది. చప్పున దాన్ని లాక్కున్నాను.

"సీసాకి కాచిన నీళ్ళు, పిల్లకి పచ్చినీళ్ళా పెద్దమ్మా?"

"అవి పాసైన..." అని ఆగిపోయింది. సీసా వైపు చూసింది. గ్లాసు వైపు చూసింది. పాపని దగ్గరికి లాక్కుని స్టూలు మీద కూలబడింది. పెద్దనాన్న కూడా పేపరు దించేశాడు.

"ఇంకో సీసా ఉందా?" అంది పెద్దమ్మ.

తెచ్చి ఇచ్చాను. మూత తీశాక ఆమె చెయ్యి అలవాటుగా చెంగు మీదికి వెళ్ళింది. "ఊఁ!" అన్నాడు పెద్దనాన్న. చెంగు వదిలేసి, కుళాయి నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు పట్టింది. గిన్నెలో మిగిలిన కాచిన నీళ్ళు పాపకి తాగించింది.

మర్నాడు ఆ పళ్ళెం ఫొటో తీసి ఫోనులో చూపించాను. ఆవాలు ఒలకబోసినట్టున్నాయి చుక్కలు. పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుంది.

"ఇవన్నీ మనవేనా?"

"మనవే."

"పక్క వీధి వాళ్ళకి ఇంతకంటే..." అనబోయి, మంచం మీద నిద్రపోతున్న పాపని చూసి ఊరుకుంది. "ఆ ఇంజినీరు నంబరు ఇటియ్యి" అంది.

"మేడమ్ చెబుతారులే పెద్దమ్మా."

"ఆవిడా చెబుతుంది, నేనూ చెబుతా." వీధి అరుగు మీదికి వెళ్ళి, నలుగురూ వింటున్నారన్న జంకు లేకుండా గొంతెత్తింది. "బాబూ, మేం తప్పాం. మామూలుగా కాదు, ఘోరంగా తప్పాం. ఇన్నాళ్ళూ నేనే కాచి పంపాను... నవ్వితే నవ్వు గానీ, మా సందు ఎప్పుడు తవ్వుతావో చెప్పు."