పారబోసిన సీసా

అవే, అచ్చం అవే, ఒక కొన లావుగా ఒక కొన సన్నగా, తెర నిండా పరుచుకుని ఉన్నాయి, మా సంస్థ పెద్దాయన ఎర్ర చుక్కతో వాటిని పొడుస్తూ ఇంతవరకు ఎవరూ చూడని సూక్ష్మజీవి అంటున్నాడు, ఎవరూ చూడలేదట, ఎక్కడో మరో దేశంలో, గని అడుగున పొగలుకక్కే పుల్లని నీళ్ళలో పట్టుకున్నారట, మనమేమో ఇరవై ఏళ్ళుగా ఇదే పనిమీదుండి గోళ్ళు గిల్లుకుంటున్నాం అని ఒక జోకు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వకపోతే నా మొహం చూస్తారేమో, ఆ ఇరవై ఏళ్ళూ నావే కదా, ఈ ఏసీ ఎందుకింత పెడతారో, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, గనిపిల్ల అనేవాళ్ళం దాన్ని, నా దగ్గర పరిశోధనకు చేరిన ఆ పిల్లని, పాడుబడిన రాగి గనిలోకి నడుముకి తాడు కట్టుకుని దిగేది, బూట్ల అడుగులు ఆ నీళ్ళకి కరిగిపోతే నవ్వుతూ చూపించేది, ఆరు వారాలు కాచుకుని కూర్చుని, మేడం, సీసాలో ఏదో పెరిగిందండీ, మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చిందండీ అంటే, నేను తలెత్తకుండానే, బయటి మురికి కలిసుంటుంది పారబొయ్ అన్నాను, ఆ పిల్ల కదల్లేదు, బయటి మురికి ఎనభై డిగ్రీల ఆమ్లంలో ఎలా బతుకుతుందండీ అంది, మెల్లగా, మర్యాదగా, నలుగురి ముందూ, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, నాకే పాఠాలు చెప్తున్నావా అన్నాను, సింకులో సీసా ఒంపిన చప్పుడు నా బల్ల దాకా వినబడింది, ఆ ఏడాదే చదువు మానేసింది.

ఒళ్ళో ఫోన్ వణికింది, మూడేళ్ళ తర్వాత ఆ పిల్ల నంబరు, వరండాలోకి వచ్చాను, మేడం బావున్నారా, పేపర్లో ఫోటో చూశారా, అది మనదే కదండీ అంది, మనదేనట, వెనక ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు, రక్తపరీక్షల సెంటర్లో చేస్తున్నానండీ, రోజుకి వందమందికి సూది గుచ్చుతాను అని నవ్వింది, తిడుతుందేమోనని గోడకి ఆనుకుని నిలబడ్డాను, తిడితే బాగుండును, ఇన్నాళ్ళూ నా చేతుల్లోనే శుభ్రం లేదనుకున్నానండీ, ఇంట్లో గిన్నె తోమినా రెండుసార్లు తోముతున్నానండీ, ఇవాళ ఆ ఫోటో చూశాక మనసు తేలికపడింది అంది, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయమ్మా అన్నాను, సిగ్గులేకుండా అన్నాను, అయ్యో, మీరు బాధపడకండి మేడం, మీరు మాత్రం ఏం చేస్తారు, మీరు దాన్ని చూడనే లేదు కదా అంది, ఎవరో పిలిస్తే ఉంటానండీ అని పెట్టేసింది.

చూడలేదా, పారబొయ్యమనడానికి ముందురోజు ఆదివారం, ఎవరూ లేని మధ్యాహ్నం, మా ఆయనకి తలనొప్పి మాత్రలు తెస్తానని చెప్పి ఇక్కడి ల్యాబుకొచ్చి, ఆ పిల్ల సీసాలోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, కళ్ళు మంటలెత్తేదాకా చూశాను, నడుము దగ్గర సన్నబడి రెండుగా విడిపోబోతున్నవి కూడా ఉన్నాయి, అరగంట చూశాను, నేను వెతికినవే, దానికి దొరికాయి, ముట్టుకున్నవన్నీ తుడిచి, దీపం ఆర్పి, మాత్రలు కొనుక్కుని ఇంటికెళ్ళాను, మూడేళ్ళుగా పొరపాటు పొరపాటు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను గానీ, అది పొరపాటు కాదు, ఆ జీవి ఎవరికీ దొరక్కపోయినా ఓర్చుకునేదాన్ని, ఆ పిల్లకి దొరకడమే ఓర్వలేకపోయాను.