అమ్మ సెలవులు

ఆ ఇంటి మెట్లగోడకు ఒక కాగితం అంటించి ఉండేది. పైనుంచి చెత్త విసరొద్దని నాలుగు భాషల్లో రాశారు. శుభ్రంగా చదువుకుని మరీ విసిరేవాళ్ళు. మహానగరానికి నలభై నిమిషాల రైలు దూరంలో ఉన్న ఊరది. అక్కడి అద్దెలకు దండం పెట్టినవాళ్ళంతా ఇక్కడికి చేరారు, ఎక్కడెక్కడివాళ్ళో. పన్నెండు వాటాల ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి అర్థం కాదు గానీ, ఎవరింట్లో ఎవరు అలిగారో మాత్రం అందరికీ తెలుసు.

రెండో అంతస్తులో ఒక నర్సు ఉండేది. పొద్దున ఆరూ నలభై రైలు తప్పిపోతే నగరంలో ఆసుపత్రి పెద్ద నర్సు చేత చివాట్లు తప్పవు. మొగుడు లారీ డ్రైవరు, వారంలో ఐదు రోజులు రోడ్ల మీదే. మరి పిల్లో? నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని దిగి, కింది వాటా తలుపు తట్టేది. అందులో ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు తీసి, మారుమాట లేకుండా చేతులు చాచి అందుకునేది. పిల్లకు ఏడాది నిండకముందు మొదలైన వరస అది. ఇప్పుడు దానికి ఆరేళ్ళు.

నర్సుకు పెద్దావిడ భాష ముక్క రాదు. పెద్దావిడకు తెలుగూ రాదు, ఆ ఊరి భాషా రాదు. మొదట్లో ఇద్దరూ సైగలతో నెట్టుకొచ్చారు. పిల్లకు జలుబు చేసిందని చెప్పబోయి నర్సు రెండుసార్లు తుమ్మి చూపిస్తే, పెద్దావిడ అయ్యో అని నర్సునే మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. ఆ రోజు రైలు వెళ్ళిపోయింది. పిల్లకు మాటలు వచ్చాక ఆ గొడవ తీరింది. సాయంత్రం అమ్మకు ఆలస్యమవుతుందనీ, రేపు ఇంకో జత మేజోళ్ళు పంపాలనీ, అటు మాట ఇటూ ఇటు మాట అటూ అదే చేరవేసేది. రెండు భాషలూ గలగలా మాట్లాడేది. తండ్రి దానికి వాగుడుకాయ అని పేరు పెట్టాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లకు జ్వరం కాసింది. నర్సు పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసింది. పిల్ల ఆ చెయ్యి తోసేసి, కళ్ళు తెరవకుండానే పెద్దావిడను పిలిచింది. ఆవిడ భాషలో. ఒకసారి కాదు, జ్వరం దిగేదాకా అదే కలవరింత. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ సూదులు వేసి, బుజ్జగించి వచ్చే మనిషి, కన్నబిడ్డ కలవరింతకు అర్థం తెలియక గుడ్లప్పగించి కూర్చుంది. ఆ తరవాత ఒళ్ళు మండింది. ఆ మంట తన ఉద్యోగం మీదికి మళ్ళాలి, లేదా ఆ రైలు మీదికి. మళ్ళింది ఎవరి మీదికి? పాపం, పెద్దావిడ మీదికి.

బడిలో పొద్దున ఆరింటి నుంచే పిల్లలను ఉంచుకునే గది ఒకటి ఉంది. జ్వరం తగ్గిన మర్నాడే అక్కడ పేరు రాయించేసింది. ఆ సాయంత్రం పిల్లను వెంటబెట్టుకుని కిందికి దిగింది.

"రేపటి నుంచి నువ్వు ఇక్కడికి రావని చెప్పు. బడిలోనే ఉంటావని చెప్పు," అంది.

పిల్ల తల్లి మొహం చూసింది. పెద్దావిడ మొహం చూసింది. తరవాత ఏదో చెప్పింది, చెప్పమన్నదానికంటే కాస్త పొడుగ్గానే. పెద్దావిడ మొహం విప్పారింది. నర్సు బుగ్గలు రెండు చేతులా పట్టుకుని ఊపేసి, నుదుటి మీద ముద్దు పెట్టింది.

నర్సు నిర్ఘాంతపోయింది. ఐదేళ్ళు పెంచిన పిల్ల ఇక రానంటే ఒక్క కన్నీటి చుక్కైనా రాలదా? "పీడ వదిలిందనుకుంది కాబోలు," అని గొణుక్కుంటూ మెట్లెక్కింది.

అప్పటి నుంచి రాకపోకలన్నీ వెనక గుమ్మంలోంచే, చెత్తడబ్బాల పక్కనుంచి. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు, పైకి రాలేదు. అందుకని ఎదురుపడే బెడద లేదు. పిల్ల ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. వాగుడుకాయ కాస్తా ముంగిలా తయారైంది. బడి అలసటేమోలే అనుకుంది నర్సు. అనుకోవడానికి ఏముంది, ఏదైనా అనుకోవచ్చు!

ఆరు వారాలు గడిచాక ఒక పొద్దున స్టేషన్లో ఎలక్ట్రీషియన్ కనిపించాడు. పై వాటాలో ఉంటాడు. వాళ్ళమ్మది తెలుగు, నాన్నది పెద్దావిడ భాష. అతను నర్సును ఎగాదిగా చూశాడు.

"అదేంటక్కా, డ్యూటీ బట్టల్లో ఉన్నావు? సెలవులు అయిపోయాయా?"

"నాకు సెలవులు ఎవడిచ్చాడు తమ్ముడూ?"

"మీ అమ్మాయే చెప్పిందట కదా! అమ్మకు పెద్ద సెలవులొచ్చాయి, రోజంతా నాతోనే ఉంటుంది, అవి అయిపోగానే వచ్చేస్తానని. కిందావిడ ఎంత సంబరపడిందనుకున్నావు! ఆ తల్లికి ఇన్నాళ్ళకు పిల్లతో గడిపే రాత పట్టిందని నాకు పదిసార్లు చెప్పింది. వాళ్ళను కదపొద్దని నాకు ఆర్డరు కూడా వేసింది."

రైలు వచ్చింది. నర్సు ఎక్కలేదు.

"వాళ్ళబ్బాయి రెండేళ్ళుగా రమ్మని పోరుతున్నాడక్కా. పిల్లను వదిలి రానని ఆగింది. ఇప్పుడేమో సెలవులు అయిపోనీ, అయిపోనీ అంటూ వాయిదా వేసింది. పిల్లే రావట్లేదుగా, ఇంకెందుకు ఉండటమని వాడు పట్టుబట్టాడు. ఇవాళే ప్రయాణం. ఎనిమిదింటికి కారు."

నర్సు బడికి పరిగెత్తింది. పిల్ల చెయ్యి పట్టుకుని మళ్ళీ పరుగు. రొప్పుతూనే అడిగింది.

"అలా ఎందుకు చెప్పావే?"

"నువ్వు చెప్పమన్నది చెప్తే ఏడ్చేదమ్మా." నాలుగడుగులు వేశాక, "సెలవులొస్తే బాగుంటుందని కూడా," అంది.

తప్పంతా నాదే, నేనే ఆపేశాను, వెళ్ళొద్దు అని చెప్పించాలి. దారి పొడుగునా నర్సు ఆ మూడు మాటలే కూడగట్టుకుంది.

ఇంటి ముందు కారు ఆగి ఉంది. కొడుకు డిక్కీ మూసి, తొందరపడుతూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెద్దావిడ ముందు సీట్లోంచి పిల్లను చూసి, కాళ్ళు కిందికి దించి రెండు చేతులూ చాచింది. పిల్ల వెళ్ళి ఆ మెడకు చుట్టుకుపోయింది. ఆవిడ దాని వీపు నిమురుతూ, నర్సు వైపు చూసి నవ్వుతూ ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"నీ సెలవులు ఎలా గడిచాయని. మనిద్దరం బాగా ఆడుకున్నామా అని."

కూడగట్టుకున్న మాటలను నర్సు పక్కన పెట్టేసింది. ఆరు వారాలు ఒంటరిగా కూర్చుని కూడా ఆ మనిషి తన కోసం సంతోషపడింది. పోతూ పోతూ ఆ కాస్త సంతోషం కూడా లాక్కోవాలా?

"చాలా బాగా గడిచాయని చెప్పమ్మా," అంది.

పిల్ల చెప్పింది. పెద్దావిడ తృప్తిగా తలూపింది. కారు కదిలింది.

అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, పిల్ల రోడ్డు మీదే కూలబడింది. వెక్కివెక్కి ఏడుస్తూ ఏదేదో అంది, ఆవిడ భాషలోనే. నర్సు పక్కన చతికిలబడి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"ఏమంటున్నావు తల్లీ? నాకు అర్థమయ్యేలా చెప్పవే," అని బతిమాలింది.

పిల్ల చెప్పలేదు.