వియ్యంకుడి కాళ్లకు నీళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇచ్చోడలో ఎవరినడిగినా చెబుతారు. నెలకోసారి వచ్చే మా పాస్టరయ్య, ప్రసంగంలో శాంతం అనే మాట వచ్చినప్పుడల్లా నా వైపే చూసేవాడు. నేనూ తగ్గేదాన్ని కాదు, తిరిగి ఆయన్నే చూసేదాన్ని. అలాంటి మగ్దలేనమ్మకు, నా ఒక్కగానొక్క కూతురు సరోజన పెళ్లినాడు, అలిగే వియ్యంకుడు దొరికాడు!

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం, ఎండాకాలం. అల్లుడు దేవదాస్‌ది మందమర్రి, బొగ్గుబాయిలో పని. చిన్నప్పుడే తండ్రి పోతే పెదనాన్న మొండయ్య పెంచి పెద్దచేశాడు. పెళ్లివాళ్లంతా ముందురోజే దిగారు. అదే బొగ్గుబాయిలో పనిచేసే మొండయ్యకు మాత్రం సెలవు దొరకలేదు. డ్యూటీ దిగి, పెళ్లినాడు పొద్దటి బస్సుకు వస్తానని కబురు పెట్టాడు.

మా దిక్కు చుట్టం వస్తే ముందు చెంబుతో నీళ్లిచ్చి కాళ్లు కడుక్కోమంటాం. వియ్యంకుడికైతే ఎదురెళ్లి మరీ ఇవ్వాలి. అది తప్పితే పెద్ద అవమానం. అందుకే మా తమ్ముడు యేసుదాసుకు చెంబిచ్చి సడక్ మీద నిలబెట్టాను. బస్సు రాలేదు. ఎండెక్కింది. ఇక్కడ పొయ్యి మీద అన్నం మాడుతోందని నేనే వాణ్ని వెనక్కి పిలిచాను. సరిగ్గా అప్పుడే సడక్ మీద దిగబడ్డాడని కబురొచ్చింది మహానుభావుడు! ఏ లారీయో ఎక్కి వచ్చి ఉంటాడనుకున్నాం.

యేసుదాసు మళ్లీ పరుగెత్తి వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"అక్కా, సడక్ మీది హోటల్ల కూసున్నడు. ఎదురొచ్చినోడు లేడు, కాళ్లకు నీళ్లిచ్చినోడు లేడు, పిలువని పేరంటానికి వచ్చిన్నా అంటుండు. చెంబు ముందర పెడితె ముట్టనే లేదు. వియ్యపురాలే రావాలెనట."

అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్నటి నుంచి నడుం వాల్చలేదు నేను. మొగుడు లేనిదాన్ని, పందిరి వేయించిన దగ్గర్నుంచి పప్పు ఉడికించే దాకా అన్నీ నేనే. పేరుకు తగ్గ మొండోడు, వచ్చి నాలుగు ముద్దలు తినిపోక ఈయనకు అలకలా!

"రాకపోతే పోనియ్యి! పెండ్లి ఆయనకా, పోరనికా?" అని అరిచాను.

తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్న అల్లుడు లేచి నిలబడ్డాడు. మెత్తటి పిల్లాడు, కానీ ఆ మాట మాత్రం మెత్తగా అనలేదు.

"అత్తా, పెదబాపు లేకుంట నేను ప్రార్థన గుడి మెట్టెక్క."

పాస్టరయ్య ఎండ వైపు చూశాడు. మధ్యాహ్నం బస్సుకు ఆయన ఆదిలాబాదు పోవాలి, అక్కడ ఇంకో పెళ్లి. ఈ పూట తప్పితే మళ్లీ నెలకే. అప్పటికి ఈ మగపెళ్లివాళ్లు ఉంటారా, ఈ సంబంధం ఉంటుందా? లోపల్నుంచి సరోజన వెక్కిళ్లు వినబడ్డాయి.

బిందె నిండా నీళ్లు తీసుకుని బయల్దేరాను. తమాషా చూద్దామని డప్పులవాళ్లు, పెళ్లికొచ్చిన వాళ్లు వెంటపడ్డారు. నిజం చెప్పొద్దూ, కాళ్లు కడగడానికి కాదు పోయింది. ఆ నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించి, నాలుగు మాటలతో కడిగేసి రావడానికే.

దారి పొడుగునా ప్రభువుతోనూ కొట్లాటే. "నీకేం ప్రభువా! శిష్యులందరి కాళ్లు కడిగినవు, మంచిదే. నీ పన్నెండుమందిల మొండయ్య వంటోడు ఉంటె తెలుస్తుండె!"

అనేశాను గానీ, నాలుక కరుచుకున్నాను. మొండయ్య లాంటివాడు లేకేం? అంతకంటే నికృష్టుడు ఉన్నాడు. ఆ రాత్రే తనను పట్టిస్తాడని తెలిసి కూడా ప్రభువు వాడి ముందు మోకాళ్లూనాడు. వాడి మడమలూ కడిగాడు. వాడి కాళ్లు కాస్త గట్టిగా రుద్ది ఉంటాడా? ఏమో, నేనైతే తోలు ఊడేట్టు రుద్దేదాన్ని.

సడక్ మీద నడి ఎండలో ఆగిపోయాను. కోపం పోలేదు, అబద్ధమెందుకు? గొంతులోనే ఉంది. కానీ దాని చేతిలో బిందె పెట్టకూడదనుకున్నాను. ఈ బిందె నాది, ఈ కాళ్లు నావి, నా బిడ్డ పెళ్లి నాది. కోపాన్ని వెనక నడవమన్నాను.

డప్పులవాళ్ల వైపు తిరిగాను. "గట్ల చూస్తరేంది? కొట్టుండ్రి! వియ్యంకుని ఎదురుకోలు ఇది!"

సడక్ అదిరిపోయింది. హోటల్లో చాయ్ తాగేవాళ్లంతా బయటికొచ్చారు. మొండయ్య బల్ల మీద బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. నల్లటి మనిషి, కాళ్లకు మిలమిలలాడేట్టు తుడుచుకున్న కొత్త బూట్లు.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడు.

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను. నేల మీద కూర్చున్నాను.

"తప్పయింది అన్నా. కాళ్లిటు చాపు."

మనిషి బిత్తరపోయాడు. తిట్లకు సిద్ధపడి ఉన్నాడు మరి. కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాడు. "నువ్వు కడుగుడేంది? చెంబియ్యి, నేనే కడుక్కుంట."

"ఇయ్య," అని ఒక బూటు పట్టి లాగాను. అబ్బా అన్నాడు. లోపల మడమ పచ్చి పుండు. బొబ్బలు చితికి రక్తం కారి, తోలుకు అంటుకుని ఉంది. రెండోదీ అంతే.

"గిదేంది అన్నా!"

తల దించుకున్నాడు. "బస్సు ఘాటు రోడ్డు మీద, కొండ కాడ చెడిపోయింది. నడిచిన."

"ఘాటు నుంచి నడిచినవా? ఎర్రటెండల?"

"తండ్రి లేని పోరడు. లగ్గానికి నేను అందకపోతె ఎట్ల?"

"మరి గా మాట చెప్పకపోతివి!"

"వియ్యంకుడు నడిచొచ్చిండంటె మంది నవ్వరా? పొద్దటి నుంచి నడిచి నడిచి వచ్చిన... ఒక్కడన్న ఎదురు రాలే చెల్లె."

అంతవరకు నా వెనక నడిచిన కోపం ఎటు పోయిందో! ఏడుపొచ్చింది. ఈ కాళ్ల మీదనా నేను నీళ్లు విసిరికొట్టాలనుకున్నది? మెల్లగా, పసిపిల్లవాడి కాళ్లు కడిగినట్టు కడిగాను. పెళ్లికని కట్టుకున్న కొత్త చీర కొంగుతో తుడిచాను. హోటలాయన కొబ్బరినూనె తెస్తే రాశాను.

"లే అన్నా, పోదాం," అన్నాను.

ఆయన లేచాడు. కానీ కదల్లేదు. నా జబ్బ పట్టుకుని అదే బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని బిందె దగ్గరికి జరుపుకున్నాడు.

డప్పులు టక్కున ఆగిపోయాయి. ఆడపిల్ల తల్లి కాళ్లు మగపెళ్లివాళ్లు ముట్టడమా! ఎక్కడన్నా విన్నామా! నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"వద్దన్నా, మంది చూస్తున్నరు!"

"చూడనియ్యి. నువ్వు ఎప్పటి సంది నిలవడ్డవో నాకు తెల్వదా?" అని మొండయ్య నా పాదం పట్టుకున్నాడు. "గా కాళ్లు కడిగిన కథ నీకొక్కదానికే వచ్చనుకున్నవా చెల్లె? కడిగించుకున్నోడు ఊకె కూసోవద్దు, తనూ కడగాలెనని చెప్పిండు గద ప్రభువు."

మసి, బూడిద, నిన్నటి నుంచి పట్టిన మట్టి అంతా ఆ బొగ్గుబాయి చేతుల్లో కడిగించుకుని, నేను మహారాణిలా లేచాను. చెప్పకుండానే డప్పులు మోగాయి. ఆయన బూట్లు చంకన పెట్టుకుని, ఉత్త కాళ్లతో కుంటుతూనే ఎగిరాడు. నేనూ ఎగిరాను. అల్లుడు ఎదురు పరుగెత్తుకొచ్చి పెదనాన్నను వాటేసుకున్నాడు. ముగ్గురం చేతులు పట్టుకుని గుడి మెట్లెక్కాం.