ఇంకెంతసేపు

మా మంత్రిగారు మంత్రి కాకముందు పన్నెండేళ్ళు మా సబ్‌స్టేషన్ ఇంజనీరు. చొక్కా జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ మాత్రం ఉండేది. అందుకని వెనకాల టెస్టర్ సారు అనుకునేవాళ్ళం. ఆ పేరు ఆయన చెవిన పడితే, "పెన్ను సారు అననందుకు సంతోషం" అని నవ్వేశారు.

నేను అక్కడ ఆపరేటర్ని. కరెంటు ఆపడమూ, ఇవ్వడమూ నా చేతిలో పని. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు నా దగ్గర లైన్ క్లియర్ తీసుకుంటాడు. ఆ తీగలో కరెంటు లేదని, తను చెప్పేదాకా ఇవ్వనని నేను రాసిచ్చే మాట అది. తీసుకున్నవాడే దిగొచ్చి, తన నోటితో చెబితే తప్ప మళ్ళీ స్విచ్ వెయ్యకూడదు. "దేవుడు ఫోన్ చేసినా వెయ్యకు. అంత అవసరమైతే ఆయన దీపం పెట్టుకుంటాడు" అని టెస్టర్ సారు మొదటిరోజే చెప్పారు. ఒకసారి ఆయనే నన్ను పరీక్షించడానికి ఫోన్ చేసి "వెయ్యరా" అంటే, "ఎక్కినవాడు చెప్పాలి సార్" అని పెట్టేశాను. మర్నాడు అందరి ముందూ నా భుజం తట్టారు. ఆ ముచ్చట నేను ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు.

తర్వాత పెనుగాలి వచ్చి ఊళ్ళో స్తంభాలన్నీ కూలితే, ఆయన నాలుగు రోజులు ఇంటి ముఖం చూడలేదు. జనం ఊరుకుంటారా? ఎన్నికల్లో నిలబెట్టి గెలిపించారు. ఏడాది తిరక్కుండానే విద్యుత్ మంత్రి అయ్యారు. మా సారే మంత్రి అని మేం నేలమీద నడవలేదు.

ఆ రోజు పొద్దున ఆస్పత్రి లైనులో తీగ తెగింది. లైన్‌మన్ నా దగ్గర లైన్ క్లియర్ తీసుకున్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్న, నోరారా అన్నా అని పిలిచేవాడు. "అరగంటలో వచ్చేస్తా అన్నా, నా టీ కూడా నువ్వే తాగెయ్యకు" అని సైకిలెక్కాడు. అరగంట కాస్తా ముప్పావుగంట అయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్తంభం మీదున్నవాడు ఎలా ఎత్తుతాడు?

అంతలో నా ఫోన్ మోగింది. మంత్రిగారు ఆస్పత్రి చూడటానికి వచ్చారట. అక్కడ జనరేటర్ మొరాయించింది. పాత అలవాటు కొద్దీ మధ్యలో ఉన్న అధికారులందర్నీ దాటి నాకే చేశారు.

"ఏరా, ఇంకెంతసేపు?"

"అయిపోవచ్చింది సార్."

"సరే" అని పెట్టేశారు. స్విచ్ వెయ్యమనలేదు. ఇంజనీరుగా ఉన్నప్పుడు అదే మాట అడిగుంటే గడియారం చూసి, జవాబు చెప్పి, నా కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి. మంత్రి అడిగేసరికి కూర్చోలేకపోయాను. ఈపాటికి దిగే ఉంటాడులే అనుకున్నాను. నా మెడమీద ఎవరూ కత్తి పెట్టలేదు. నేనే లేచి స్విచ్ వేశాను. వేసిన మరుక్షణం అది టప్పున పడిపోయింది. తీగకి మనిషి తగిలితే అలాగే పడుతుంది.

అప్పటికి లైన్‌మన్ పని ముగించి, రక్షణకని తగిలించుకున్న ఎర్త్ తీగ కూడా తీసేసి, దిగబోతున్నాడట. ఇంకో రెండు నిమిషాలు నేను ఆగుంటే బతికేవాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు విచారణ మొదలైంది. తప్పు నాదేనని రాసిచ్చాను. ఫోన్ సంగతి రాయలేదు. నన్ను సస్పెండ్ చేశారు. ఆరో రోజు సాయంత్రం మంత్రిగారు కారునీ, మనుషుల్నీ వీధి మలుపులోనే ఆపి, ఒక్కరే మా ఇంటికి నడిచొచ్చారు.

"ఫోన్ సంగతి ఎందుకు దాచావురా?"

"మీరు వెయ్యమనలేదుగా సార్."

"అడిగానుగా. మంత్రి అడిగాక అవతలివాడు ఆగుతాడా? ఆ మాత్రం నాకు తెలియొద్దూ? విచారణవాళ్ళకి నేనే రాసిచ్చాను. పదవి ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. కానీ ఆ లైన్‌మన్ భార్యకి ఇది పేపర్లో చదివి తెలియకూడదు. పద, వాళ్ళింటికి."

"ఆ గడప తొక్కే ధైర్యం నాకు లేదు సార్."

"నాకుందనుకున్నావా?"

వాళ్ళది ఒకటే గది. మేకుకి అతని యూనిఫాం ఉతికి తగిలించి ఉంది. లైన్‌మన్ భార్య ఉన్న ఒక్క కుర్చీ ఆయన ముందుకి జరిపింది. ఆయన కూర్చోలేదు, నేలమీద చతికిలబడ్డారు. జరిగింది జరిగినట్టు, తన ఫోనూ, నా స్విచ్చూ, ఏదీ వదలకుండా చెప్పారు. ఆమె నా మొహాన ఉమ్మేస్తే బాగుండునని నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. మేకుకున్న యూనిఫాం వైపు చూసింది.

"మీ ఎన్నికలప్పుడు డ్యూటీ దిగాక ఇంటికే వచ్చేవాడు కాదండీ" అంది. "మీకు ఓటెయ్యమని ఇల్లిల్లూ తిరిగాడు. నీకెందుకయ్యా అంటే, స్తంభం ఎక్కేవాడి ప్రాణం విలువ తెలిసిన మనిషి, ఆయన పైనుంటే మాకు భయం ఉండదే అన్నాడు."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"మీరు ఓడిపోయుంటే బాగుండేదయ్యా. మా ఆయన ఉండేవాడు."

"అవునమ్మా" అన్నారు మంత్రిగారు.